ఎన్నారై సందేహాలు: సోలో జాజ్ గిటార్, ఆన్‌లైన్ గ్రూపు, వడ్డీ లేని వాయిదాలు

ప్రశ్న: అక్కా, మాది ఉప్పల్. ఆగస్టులో ఎమ్మెస్‌కి షికాగో వచ్చాను. హైదరాబాద్‌లో గిటార్ నేర్చుకున్నాను, ఇక్కడికొచ్చాక జాజ్ పిచ్చి పట్టుకుంది. బ్యాండు కట్టే టైము లేదు, మనుషులూ లేరు. అందుకే ఒక్కడినే వాయించుకుంటున్నాను. సోలో జాజ్ వాయించేవాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో చేరాను. రోజూ ఎవరో ఒకరు తాము వాయించింది పెడతారు. నాకూ పెట్టాలని ఉంది. కానీ వాళ్లందరివీ ఖరీదైన ఆర్చ్‌టాప్ గిటార్లు, వయొలిన్‌లా పైభాగం ఉబ్బెత్తుగా ఉండే రకం. నా దగ్గర ఇంటి నుంచి తెచ్చుకున్న మామూలు అకౌస్టిక్, ఒక ఫోను, అంతే. ఇక్కడొక షాపులో ఏడాదిపాటు వడ్డీ లేకుండా వాయిదాల్లో ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా? రికార్డింగు ఎలా చేయాలి? తప్పులు పోతే నవ్వుతారా?

జవాబు: తమ్ముడూ, నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు కానీ నా కళ్లు ఆ "వడ్డీ లేకుండా" దగ్గరే ఆగిపోయాయి. ముందు దాని సంగతి తేలుద్దాం. జాజ్ ఎక్కడికీ పోదు.

నేను షికాగో వచ్చింది 2004లో. డాలరు 45 రూపాయల చుట్టూ తిరుగుతున్న రోజులు. పాల క్యాను కొన్నా 45తో గుణించి, నిట్టూర్చి, అప్పుడు బుట్టలో వేసేదాన్ని. అలాంటి దాన్ని గిటార్ దగ్గరికొచ్చేసరికి ఎక్కాలు మర్చిపోయాను. అప్పట్లో గ్రూపుల్లో వీడియోలు పెట్టేవాళ్లు కాదు, ఎంపీత్రీ ఫైళ్లు పంచుకునేవాళ్లు. కింద ఎవరు ఏ గిటార్ మీద వాయించారో రాసేవాళ్లు. ఆ వివరాలు చదివీ చదివీ, ఆర్చ్‌టాప్ లేకపోతే జాజే రాదని నాకు ఖాయమైపోయింది. వెళ్లి షాపు కార్డు మీద కొనేశాను. షాపు పేరు ఎందుకులే.

ప్రతి నెలా స్టేట్‌మెంట్ వచ్చేది. "కనీసం ఇంత కట్టండి" అని ఒక అంకె ఉండేది. గడువుకి ముందే, ఒక్కసారి కూడా తప్పకుండా, ఆ అంకె కట్టేసి గర్వంగా ఫైలు చేసుకునేదాన్ని. నేను చూసుకోనిది ఏంటంటే, ఆ కనీస మొత్తం కట్టుకుంటూ పోతే ఏడాదికి అప్పు తీరదు. కొంత మిగిలిపోతుంది. అలా మిగిలితే, మిగిలినదానికి మాత్రమే వడ్డీ వేస్తారనుకుంటున్నావా? కాదు. కొన్న రోజు నుంచి లెక్కగట్టి పక్కన పెట్టుకున్న వడ్డీ అంతా ఒకేసారి నెత్తిన పడేస్తారు. డిఫర్డ్ ఇంట్రెస్ట్ అంటారు దాన్ని. శాతం కూడా తక్కువేం కాదు, ఇరవై చిల్లర. ఆ నెల స్టేట్‌మెంట్ చేతిలో పట్టుకుని కిచెన్ గట్టు మీద కూలబడ్డాను. మా ఆయన ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ. తర్వాత ఆ గిటార్‌ని కొన్న ధరలో సగానికి అమ్మి, మిగతాది జీతంలోంచి పూడ్చాను. పూడ్చాననుకో, కానీ ఎన్ని వారాంతాలు బయట కాఫీ కూడా తాగకుండా గడిపామో నాకే తెలుసు.

కాబట్టి ఆ కాగితంలో చిన్న అక్షరాలు చదువు. "ఏడాదిలోపు పూర్తిగా చెల్లిస్తే" అనే షరతు కనిపిస్తే, మొత్తాన్ని పన్నెండుతో భాగించి అంత ప్రతి నెలా కట్టగలవా చూసుకో. స్టూడెంటువి, కట్టలేవు. నీ కొత్త క్రెడిట్ కార్డు లిమిటులో పెద్ద భాగం గిటారే మింగేస్తే నీ క్రెడిట్ స్కోరు కూడా పడిపోతుంది. రేపు అపార్టుమెంటు మారాలంటే ఆ స్కోరే చూస్తారు.

ఇప్పుడు గిటార్ సంగతి. సోలో గిటార్ అంటే అందరూ ముందు తలుచుకునే పేరు జో పాస్. 1960ల మొదట్లో ఆయన మత్తుమందుల అలవాటు నుంచి బయటపడటానికి కాలిఫోర్నియాలో సినానన్ అనే కేంద్రంలో ఉన్నాడు. సొంత గిటార్ కూడా లేదు. అక్కడ ఉన్న సాలిడ్‌బాడీ, అంటే లోపల బోలు లేని, ఎలక్ట్రిక్ గిటారే వాయించేవాడు. రాక్ కుర్రాళ్లు వాయించే రకం అది. అది చూసి ఒక అభిమాని 1963లో ఆయనకి గిబ్సన్ ఈఎస్-175 అనే ఆర్చ్‌టాప్ కొనిచ్చాడు. పదేళ్ల తర్వాత, 1973లో, ఒక్కడే కూర్చుని ఆల్బమ్ రికార్డు చేశాడు. సోలో జాజ్ నేర్చుకునేవాళ్లు ఇవాళ్టికీ దాని ముందు చేతులు కట్టుకుని కూర్చుంటారు. నేను చెప్పేది ఏంటంటే, అంతటివాడికే గిటార్ ఎవరో కొనిస్తే వచ్చింది, వాయిదాల్లో కాదు. నీకూ ఎవరైనా కొనిచ్చేదాకా ఉప్పల్ గిటారే వాయించు.

ఇంకొకాయన టాల్ ఫార్లో. పెద్ద పేరున్న గిటారిస్టు, అయినా బోర్డుల మీద అక్షరాలు రాసే వృత్తి వదల్లేదు. పేరు బాగా వచ్చాక కూడా వెనక్కి వెళ్లి ఆ పనే చేసుకున్నాడు. జాజ్‌తో అద్దె కట్టాలనుకునేవాళ్లకి ఈయన కథ గుర్తుచేస్తుంటాను.

ఇంటి నుంచి తెచ్చుకున్న గిటార్ అన్నావు కదా, దానికి చలికాలం గండం ఉంది. ఇది మాత్రం వెంటనే చూసుకో. నా గిటార్ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండే మాస్టారు దగ్గరుండి కొనిపించింది. చర్చిలో వాయించేవారు, నాకు మొదటి కార్డులు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి) ఆయనే నేర్పారు. సికింద్రాబాద్ ఎండా వానా అన్నీ తట్టుకున్న ఆ గిటార్ షికాగోలో మొదటి చలికాలానికే చిత్తయింది. బయటి మంచుకి కాదు, లోపల మనం వేసుకునే హీటరుకి. హీటరు గాలిలో తేమ మిగలదు, చెక్క ఎండి కుంచించుకుపోతుంది. ముందు గిటార్ మెడ అంచు మీద చెయ్యి జార్చితే ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) చివర్లు రంపంలా గీరుకున్నాయి, ఎందుకంటే చెక్క తగ్గింది, లోహం తగ్గలేదు. నాకు అర్థం కాలేదు. చేతులు పొడిబారాయేమో అనుకుని కొబ్బరినూనె రాసుకున్నాను! తర్వాత బ్రిడ్జి, అంటే తీగల్ని కింద పట్టి ఉంచే చెక్కముక్క, దాని వెనకాల కాగితం దూరేంత సందు వచ్చింది. ఒక ఉదయం అది తీగలతో సహా లేచిపోయింది. రిపేరుకి తీసుకెళ్తే, మా నాన్న ఆ గిటార్‌కి పెట్టిన డబ్బుకి ఎన్నో రెట్లు చెప్పాడు. మాట్లాడకుండా ఇంటికి తెచ్చేశాను.

నువ్వు ఖర్చు పెట్టాల్సింది ఏదైనా ఉంటే ఇక్కడ పెట్టు, అదీ కొన్ని డాలర్లే. గాలిలో తేమ చూపించే చిన్న మీటరు ఒకటి కొను. వాయించనప్పుడు గిటార్‌ని గోడకి ఆనించకుండా కేసులో పెట్టు. సబ్బుపెట్టెకి రంధ్రాలు పొడిచి, తడిపి గట్టిగా పిండిన స్పాంజిముక్క అందులో పెట్టి, ఆ పెట్టెని కేసులో ఉంచు. తేమ 45, 50 శాతం మధ్య ఉంటే చాలు. నీరు కారే స్పాంజి మాత్రం పెట్టకు, అది ఇంకో కథ.

రికార్డింగుకి నీ ఫోను చాలు. నేను ఈ జవాబు పద్మారావునగర్‌లో అమ్మ ఇంటి నుంచి రాస్తున్నాను. సంక్రాంతికి వచ్చాను. మైకు, దాన్ని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ అన్నీ అమెరికాలోనే ఉన్నాయి. గ్రూపులో నా వంతు మాత్రం ఆపలేదు. చీరల బీరువా తలుపులు బార్లా తెరిచి, దాని ముందు కూర్చుని వాయిస్తున్నాను. మన గదుల్లో గచ్చూ గోడలూ గట్టివి, శబ్దం తిరిగి కొడుతుంది. చీరలు దాన్ని మింగేస్తాయి. ఫ్యాను ఆపాలి, జనవరి కాబట్టి బతికిపోయాను. కుక్కరు పెట్టేలోపు ముగించాలని అమ్మతో ఒప్పందం. షికాగోలో నీకు బట్టల క్లోజెట్ ఉంటుంది కదా, దాని ముందు కూర్చో. హీటరు ఆ కాసేపు కట్టెయ్. ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, చెయ్యి చాచినంత దూరంలో, గిటార్ రంధ్రానికి ఎదురుగా కాకుండా పన్నెండో ఫ్రెట్ వైపు చూసేలా నిలబెట్టు. రంధ్రం ముందు పెడితే బేస్ అంతా బుంగలోంచి వచ్చినట్టు ఉంటుంది. దీనికి పైసా ఖర్చు లేదని మళ్లీ చెప్పాలా?

పక్క ఫ్లాటువాళ్లు గొడవ చేస్తారని భయమైతే తీగలు మీటే పిక్ పక్కన పడేసి బొటనవేలితో వాయించు. పెద్ద జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గొమరీ మీకు దగ్గర్లోని ఇండియానాపొలిస్ మనిషి. పగలు ఫ్యాక్టరీలో పని, రాత్రి గిటార్, ఇంటి నిండా పిల్లలు. పొరుగువాళ్లు విసుక్కుంటున్నారనే బొటనవేలు అలవాటు చేసుకున్నాడని చెబుతారు. ఆ మెత్తని స్వరం కోసం ఇప్పుడు జనం వేల డాలర్ల పరికరాలు కొంటున్నారు, చూశావా.

ఇక వాయించడం. నా మొదటి రికార్డింగు పెట్టినప్పుడు ఎవరూ నవ్వలేదు. అసలేమీ అనలేదు. "బాగుంది" అని ఒకరిద్దరు, అంతే. నేను ప్రతి దెబ్బకీ ఆరు తీగల కార్డు పట్టి, పుస్తకంలో ఉన్నవన్నీ కుక్కేశాను. కొన్నాళ్లకి గ్రూపులో ఒక పెద్దాయన విడిగా రాశాడు. కార్డులు తగ్గించమన్నాడు, లయ సాగిపోతోందన్నాడు. కోపం వచ్చింది. ఆది తాళం వేస్తూ పెరిగినదాన్ని, నాకు లయ గురించి చెబుతాడా అని. కానీ ఆయన చెప్పినట్టు టిక్ టిక్‌మని లయ చూపించే మెట్రోనోమ్‌ని నిమిషానికి అరవై దగ్గర పెట్టి, ఆ టిక్కుల్ని నాలుగు దెబ్బల్లో ఒకటి, మూడు అనుకోకుండా రెండు, నాలుగు అనుకుని వాయించి చూశాను. నాలుగు కొలతలు, అంటే నాలుగేసి దెబ్బల ఆవర్తనాలు నాలుగు, కూడా నిలబడలేకపోయాను. మనకి మొదటి అక్షరం మీద దెబ్బ వేసే అలవాటు. జాజ్‌లో ఆ మొదటిదాన్ని అలా ఒత్తి చెప్పరు, నువ్వే లోపల మోసుకోవాలి. డ్రమ్ములు లేని సోలోలో అది ఇంకా కష్టం. దీనికి నెలలు పట్టింది నాకు. నీకూ పడుతుంది, తొందరపడకు.

కార్డుల్లో ప్రతిదానికీ మూడో స్వరం, ఏడో స్వరం, ఈ రెండూ నాలుగు, మూడు తీగల మీద పట్టుకుంటే కార్డు ఏంటో వినేవాడికి అర్థమైపోతుంది. మెలడీ పైన రెండు తీగల మీద. కింద బేస్ అవసరమైనచోట మాత్రమే. మెలడీ ఒంటరిగా నడిచే చోట నడవనివ్వు. ముప్ఫై రెండు కొలతల పాట ఒక్కసారి, నెమ్మదిగా, మొదలు నుంచి చివరిదాకా వాయించి పెట్టు. అయిదుసార్లు తిప్పి పెడితే ఎవరూ చివరిదాకా వినరు, నేనూ వినను. మధ్యలో మన గమకాలు కలిపి ముగ్ధుల్ని చేద్దామనుకోకు. పాలకొల్లు శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకం పలికించారంటే అది చిన్నప్పటి నుంచి చేసిన సాధన. నువ్వూ నేనూ చేస్తే శ్రుతి తప్పినట్టే ఉంటుంది.

పెట్టేముందు ఇంకో పని. ఇతరులు పెట్టినవి విని, "సూపర్" అని కాకుండా, ఫలానా చోట బేస్ దిగిన తీరు బాగుంది అని రాయి. అలా కొన్ని రాశాక నీది పెడితే వినే చెవులు ఉంటాయి. ఏ శ్రుతి, ఎవరి అరేంజ్‌మెంట్ అనేది రాయి. గిటార్ పేరు అడిగితే చెప్పు, అడక్కపోతే అక్కర్లేదు. ఆ గ్రూపుల్లో ప్రమాదం వెక్కిరింపు కాదు, షాపింగు. ఎవరో కొత్త ఆంప్ (గిటార్ శబ్దం పెంచే పెట్టె) ఫోటో పెడతారు, కింద యాభై మంది మెచ్చుకుంటారు, నీ చెయ్యి పర్సు మీదికి పోతుంది. ఆ రోజు కంప్యూటర్ కట్టేసి స్కేల్స్ వాయించుకో.

రూల్స్ సంగతి క్లుప్తంగా. పాత పాటలకి కూడా కాపీరైట్ ఉంటుంది. అమెరికాలో 1978కి ముందు అచ్చయిన చాలావాటికి 95 ఏళ్లు. వీడియో మీద కాపీరైట్ క్లెయిమ్ వస్తే కంగారుపడకు, ఎక్కువసార్లు ప్రకటనల డబ్బు పాట హక్కుదారుకి పోతుంది, అంతే. అదే వీడియోలతో నువ్వు డబ్బు సంపాదించాలనుకుంటే మాత్రం ఆగు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నావు, అది అనుమతి లేని పని కింద లెక్కకి రావచ్చు. ముందు మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని, డీఎస్ఓని, అడుగు. వచ్చేది నెలకి టీ ఖర్చుకి కూడా చాలదు, దానికోసం వీసా మీదికి తెచ్చుకోకు.

ఎలక్ట్రిక్ కావాలనే పట్టుదల ఉంటే సెకండ్ హ్యాండు చూడు. సెమిస్టరు అయిపోయే మే నెలలో ఊళ్లు మారేవాళ్లు సగానికి సగం ధరకి వదిలేస్తారు. డబ్బు ఇచ్చేముందు ప్లగ్ పెట్టించి, ప్రతి ఫ్రెట్టూ నొక్కి చూడు, వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమంటుందేమో విను. బేరం ఆడటానికి సిగ్గుపడకు, కోఠీలో ఆడావుగా. అంతకంటే ముందు, అద్దె, ఫీజు, హెల్త్ ఇన్సూరెన్సు కట్టాక నెలకి చేతిలో ఎంత మిగులుతోందో నాకు రాయి. ఆ అంకె చూశాకే మిగతా మాట్లాడుకుందాం.