ఫోన్ పెట్టేసే ఓనర్‌తో మాట కలిపేదెలా?

ప్రశ్న: ముంబైకి చెందిన ప్రైవేట్ ఈక్విటీ సంస్థలో (కంపెనీల్లో వాటాలు కొని పెట్టుబడి పెట్టే సంస్థ) చేరి 8 నెలలైంది. పెట్టుబడికి తగిన కంపెనీలు వెతకడం నా పని. ఓనర్లు ఫోన్ పెట్టేస్తున్నారు, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: నాయనా, ముందు కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో 100 రూపాయలు కట్టి వాళ్ల బ్యాలెన్స్ షీట్లు చదువు. ఏ బ్యాంకుకు ఏం తాకట్టు పెట్టారో కూడా తెలుస్తుంది. కొత్తలో నేను ఇవేవీ చూడకుండా తాడిపత్రిలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీకి వెళ్లాను. "మా నల్లబండకూ గ్రానైట్‌కూ తేడా తెలుసాప్పా?" అన్నాడు ఓనర్. నాకు నోరు పెగల్లేదు. నెల తర్వాత మళ్లీ వెళ్లి, కోత మిషన్ పక్కన తెల్లటి బురదలో రెండు గంటలు నిలబడి చూశాను. అప్పుడు టీ తెప్పించాడు.

మొదటి మాటలోనే వాటా ఊసెత్తొద్దు. పిల్లలు వ్యాపారంలోకి వస్తున్నారా, కొత్త మిషన్‌కు డబ్బెలా అని అడుగు. వాళ్ల ఆడిటర్‌ను కూడా కలువు. ఓనర్ ముందుగా సలహా అడిగేది ఆయన్నే.