అడవిలో కూర్చోవడం కూడా చదువేనా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ పెయింటింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. ఎంఎఫ్‌ఏ వద్దట. ముగ్గురు స్నేహితులతో కలిసి అడవుల మీద 'ఆర్టిస్టిక్ రీసెర్చ్' చేస్తుందట. అందులో విశ్రాంతి కూడా పనిలో భాగమేనట! యానిమేషన్ కోర్సులో చేరమంటే వినట్లేదు. దీనికి భవిష్యత్తు ఉందా?
- ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి గాలిమేడలు కట్టట్లేదండీ. ఆర్టిస్టిక్ రీసెర్చ్ అంటే కళనే సాధనంగా పెట్టుకుని చేసే పరిశోధన. ఈ రంగం నిజంగానే ఉంది. కాకపోతే ఒకటో తారీఖున జీతం పడే ఉద్యోగం కాదు. అది తెలిసి దిగుతోందా లేదా అన్నదే మీరు చూసుకోవాల్సింది.

ఫిన్లాండ్‌లో దీనికి గట్టి పునాది ఉంది. అనెట్ ఆర్లాండర్ అనే కళాకారిణి హెల్సింకి పక్కనున్న హరక్క దీవిలో 2002 నుంచి 12 ఏళ్లపాటు ఒక పని చేశారు. ఏడాదికో చోటు ఎంచుకుని, ఇంచుమించు వారం వారం అక్కడికే వెళ్లి, కెమెరాను స్టాండు మీద అదే కోణంలో పెట్టి, దాని ముందు కూర్చోవడమో నిలబడడమో చేసేవారు. ఆ ముక్కలన్నీ వరసగా చూస్తే మంచు పడుతుంది, కరుగుతుంది, చిగురు వేస్తుంది. మనిషి మాత్రం అక్కడే ఉంటుంది. చూసేవాళ్లకి ఊరికే కూర్చున్నట్టే అనిపిస్తుంది. ఆవిడ హెల్సింకి థియేటర్ అకాడమీలో ప్రొఫెసర్‌గానూ పనిచేశారు. అదే దేశంలో హిరిన్‌సాల్మి ప్రాంతంలో, పాత అడవి అంచున ఒకప్పటి బడి భవనంలో ముస్తారిందా అనే సంఘం ఉంది. కళాకారులు, పరిశోధకులు అక్కడ కలిసి ఉంటూ పనిచేసుకుంటారు. అమెరికాలోని ఆరెగాన్‌లో, ఆండ్రూస్ ఫారెస్ట్‌లో 2003లో మొదలైన కార్యక్రమాన్ని 2203 దాకా నడపాలని సంకల్పం. రచయితలు, కళాకారులు అవే చోట్లకి వెళ్లి చూసింది నమోదు చేస్తూ పోతారు.

విశ్రాంతి అన్న మాట మీకు బాగా గుచ్చుకున్నట్టుంది. నాకైతే ఆ మాటే నచ్చింది. నేను చూసినంతలో ఇలాంటి బృందాలు ప్రతిభ లేక చెదిరిపోవు. వంటా, లెక్కలూ, టికెట్లూ, గ్రాంటు రిపోర్టులూ అన్నీ ఎప్పుడూ ఒకరిద్దరి నెత్తినే పడతాయి (ఎవరి నెత్తినో చెప్పనక్కర్లేదు, ఎక్కువసార్లు ఆడపిల్లలదే). వాళ్లు అలిసిపోయి వెళ్లిపోతే బృందమూ అక్కడితో ఆఖరు. పైగా అడవికీ తన వేళలుంటాయి. వానాకాలంలో చాలా టైగర్ రిజర్వుల్ని సందర్శకులకు మూసేస్తారు. ఆ నెలల్లో పిల్లలు ఇంటిపట్టున ఉండి గీసుకోవడం, నిద్రపోవడం సోమరితనమేమీ కాదు.

అయితే మాట వేరు, చేత వేరు. అందుకని అమ్మాయిని ఒక్క కాగితం అడగండి: బడ్జెట్. అందులో రంగులు, కెమెరా అద్దె, బస్సు చార్జీలే ఉంటే ఈ విశ్రాంతి కబుర్లు ఫ్యాషన్ కింద లెక్క. దారి చూపించే కోయ పెద్దకు రోజుకూలి ఉందా? వంట చేసేవాళ్లకు డబ్బులున్నాయా? జ్వరమొచ్చి పడుకున్నవాళ్ల వాటా కోస్తారా, కోయరా? నెలకు ఎన్ని సెలవులు? ఇవన్నీ అంకెల్లో కనిపిస్తే మీ అమ్మాయికి పని తెలుసని ధైర్యంగా ఉండండి.

అమ్మాయికీ రెండు మాటలు. అమ్మా, ఎంఎఫ్‌ఏ మానొద్దు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్, శాంతినికేతన్‌లోని కళాభవన్ లాంటివి చూడు. ఫిన్లాండ్‌లో ఇంగ్లిష్‌లో చెప్పే మాస్టర్స్ కోర్సులకు 2017 నుంచి మనలాంటి యూరప్ బయటి విద్యార్థుల దగ్గర ఫీజు తీసుకుంటున్నారు. డాక్టరేట్‌కు ట్యూషన్ ఫీజు లేదు. కాబట్టి మాస్టర్స్ ఇక్కడ, పరిశోధన అక్కడ అనుకుంటే నాన్నగారి జేబుకీ మేలు. యానిమేషన్‌ని కూడా పూర్తిగా తోసెయ్యకు. వీడియో ఎడిటింగ్, పుస్తకాలకు బొమ్మలు వేయడం లాంటి ఒక చేతిపని ఉండి తీరాలి. మొదటి కొన్నేళ్లు గ్రాంట్ల మీద ఇల్లు గడవదు.

ఇంకోటి. కిన్నెరసాని దగ్గరే కదా అని స్కెచ్‌బుక్కు పట్టుకుని లోపలికి నడిచి వెళ్లిపోవద్దు. అది అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ ఫొటోలు తీయాలన్నా, అధ్యయనం చేయాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. ఊళ్లో వాళ్ల పాటలు, ముగ్గులు, మందుమొక్కల సంగతులు వాడుకుంటే ముందు వాళ్లని అడగాలి, వాళ్ల పేరు వేయాలి, డబ్బు వస్తే వాటా ఇవ్వాలి. అడవిని ఎలా సాకుతారో చూడాలంటే కేరళ వాయనాడ్‌లో 1981 నుంచి ఉన్న గురుకుల బొటానికల్ శాంక్చురీ గురించి చదువు. కళాసంస్థ కాదు గానీ, అక్కడి మహిళలు అడవి మొక్కలను ఏళ్ల తరబడి ఎలా కాపాడుకొస్తున్నారో తెలుస్తుంది.

డబ్బు సంగతికొస్తే, బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ కళా పరిశోధనకూ, కళాసాధనకూ గ్రాంట్లు ఇస్తుంది. ప్రపోజల్ తెలుగులోనే రాయొచ్చు. ఢిల్లీలోని ఖోజ్ అనే కళాసంస్థ రెసిడెన్సీలు (కళాకారులు కొన్నాళ్లు ఉండి పనిచేసుకునే అవకాశాలు) నడుపుతుంది. రెండింటి ప్రకటనలూ గమనిస్తూ ఉండు. ప్రపోజల్ రాయడానికి ముందే నలుగురూ కూర్చుని పేరు ఎవరిది, డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, మధ్యలో ఒకరు తప్పుకుంటే చేసిన పని ఎవరిది అన్నవి కాగితం మీద రాసుకుని సంతకాలు చేయండి. స్నేహితులమే కదా అని వదిలెయ్యొద్దు.