ఆటిజం ఉంటే దిగులు కూడా ఉండాల్సిందేనా?

"ఆటిజం ఉన్న మా తమ్ముడు ఇంటర్ అయ్యాక గది దాటి రావట్లేదు. ఇదీ ఆటిజమేనా?" అని విజయనగరం నుంచి అడిగారు.

కాదండి. ఆటిజం పుట్టుకతో వచ్చే మెదడు తీరు. దిగులు, ఆందోళన వేరు, వాటికి వైద్యం ఉంది. వాటిని పెంచేది చాలాసార్లు చుట్టుపక్కల మాటలే. సిరిమాను పండక్కి చుట్టాలొస్తే "వాడ్ని లోపలే ఉంచండి" అనే ఇళ్లు ఎన్నో. పండగ జరిగే మూడులాంతర్ల కూడలి దగ్గర జనం, డప్పుల మోత అతను తట్టుకోలేకపోవచ్చు, నిజమే. కానీ చెవులు మూసుకున్నాడని నవ్వితే ఆ గాయం మోత ఆగాక కూడా ఉంటుంది. అందుకే ఆటిజం ఉన్న చాలామంది తమకు అలవాటైన చేతులు ఊపడం ఆపుకుని, బలవంతాన కళ్లలోకి చూస్తూ, అందరిలా నటిస్తారు. దీన్నే మాస్కింగ్ అంటారు. అది మనిషిని పిండేస్తుంది. ఆత్మహత్య ఆలోచనలతో దానికి సంబంధం ఉందని పరిశోధనల్లో కనిపించింది.

"వాడంతే" అని వదిలేయకండి. ఇష్టమైన పనులు మానేశాడా, నిద్ర, తిండి మారాయా చూడండి. మారితే సైకియాట్రిస్టుకి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈసారి పండక్కి వెళ్లాలని ఉందో లేదో అతన్నే అడగండి.