మాడ్యూల్ మార్చినా అలారం పోలేదు

ప్రశ్న: సెల్ టవర్ల నిర్వహణ పనిలో చేరి ఎనిమిది నెలలయింది. మా సైటులో ఒక సెక్టారుకు, అంటే టవర్ చూసుకునే ఒక దిక్కుకు, వీఎస్‌డబ్ల్యూఆర్ అలారం వస్తోంది. టవర్ మీది రేడియో మాడ్యూల్ మార్చాం. రెండు రోజులు బాగుండి మళ్ళీ మొదలైంది. ఇంకొకటి మార్చమంటున్నారు. రాత్రి వచ్చిన అలారం ఒక్కోసారి మధ్యాహ్నానికి దానంతట అదే పోతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, అనకాపల్లి జిల్లా

జవాబు: నాకు కావలసిన సంగతి మీరు చివర్లో రాశారు. ఎండకు మాడ్యూల్ బాగుపడదు. ఎండకు ఆరేది నీరు. మాడ్యూల్‌కూ యాంటెన్నాకూ మధ్య ఉన్న జంపర్ కేబుల్‌లోనో, దాని కనెక్టర్‌లోనో తేమ చేరి ఉంటుందని నా అనుమానం.

యాంటెన్నాకు పంపిన శక్తిలో ఎంత వెనక్కి తిరిగి వస్తోందో చెప్పే కొలతే వీఎస్‌డబ్ల్యూఆర్. అది 1.5 ఉంటే నూటికి 4 పాళ్ళు తిరిగి వస్తున్నట్టు. 3కు చేరితే 25 పాళ్ళు. తిరిగి వస్తోందని మాత్రమే మాడ్యూల్‌కు తెలుస్తుంది, అదే చెబుతుంది. చెప్పినవాడినే దోషిగా పట్టుకుని కిందికి దింపేస్తున్నాం.

నేనూ ఈ తప్పు చేశాను. 2014లో బాపట్ల తీరాన ఒక సైటుకు రెండు మాడ్యూళ్ళు మార్చాను. రెండింటినీ మరమ్మతు కేంద్రం పరీక్షించి, ఏ లోపమూ లేదని రాసి పంపింది. మూడోసారి ఎక్కి యాంటెన్నా దగ్గర టేపు విప్పితే కనెక్టర్ నిండా పచ్చటి చిలుము. ఇరవై కిలోలకు పైబడిన బరువును తాడు మీద రెండుసార్లు పైకి లాగిన కుర్రాళ్ళ ముఖం చూడలేకపోయాను.

అందుకే ముందు ఈ పరీక్ష చేయండి. కంట్రోల్ రూముకు చెప్పి ఆ సెల్‌ను లాక్ చేయించండి. ప్రసారం ఆగిందని వాళ్ళు ధ్రువీకరించాకే చేయి పెట్టండి. మాడ్యూల్ దగ్గర రెండు జంపర్లను ఒకదాని స్థానంలో ఒకటి బిగించి, అన్‌లాక్ చేయించి చూడండి. అలారం రెండో పోర్టుకు మారితే లోపం కేబుల్ వైపు ఉన్నట్టు. పాత పోర్టులోనే నిలిస్తే అప్పుడు మాడ్యూల్‌ను నిస్సంకోచంగా మార్చండి. మీ సైటులో అలారం వచ్చి పోతోంది కనుక, అది ఉన్న వేళలోనే ఈ పరీక్ష చేయాలి.

మార్చవలసి వస్తే ఎర్త్ తీగను చివర విప్పండి, కొత్తదానికి మొదట బిగించండి. ఫైబర్ తీయగానే మూత పెట్టండి, దాని కొనలోకి కన్ను పెట్టి చూడవద్దు. ఏ ఫైబర్ ఏ సెక్టారుదో విప్పకముందే గుర్తు రాసుకోండి. రెండు సెక్టార్లు తారుమారైతే కాల్స్ కలుస్తూనే ఉంటాయి, కానీ మనిషి కదిలితే తెగిపోతాయి. ఆ లోపం బయటపడటానికి వారాలు పడుతుంది. కొత్త మాడ్యూల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంటున్నంతసేపు విద్యుత్తు ఆపకండి.

కనెక్టర్ల విషయంలో చేతి అంచనాను నమ్మకండి, టార్క్ రెంచ్ వాడండి. పాత పెద్ద 7/16 రకానికి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు కావాలి. మర తిప్పి బిగించే చిన్న 4.3–10 రకానికి 5 చాలు. పెద్దదానికి అలవాటైన చేయి చిన్నదాని మరను చెడగొడుతుంది. టేపు చివరి వరసను కింది నుంచి పైకి చుట్టండి. పెంకుటింట్లో పెంకులు చూరు నుంచి పైకి పేర్చినట్టే. పై నుంచి కిందికి చుడితే ప్రతి మడతా వాన నీటికి నోరు తెరుస్తుంది. కనెక్టర్‌కు ముందు కేబుల్ కిందికి ఒక వంపు తిరగాలి, నీరు అక్కడే జారిపోవాలి. మీ సైటులో ఆ వంపు ఉందో లేదో చూసి నాకు తప్పక రాయండి.

ప్రశ్న: మా వీధి టవర్ దగ్గరికి పనివాళ్ళు వచ్చిన రోజే మా ఇంట్లో సిగ్నల్ పోతుంది. పక్క వీధిలో మాత్రం ఉంటుంది. ఎందుకు?
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: సాధారణంగా టవర్‌కు మూడు సెక్టార్లుంటాయి. ఒక్కొక్కటి సుమారు 120 డిగ్రీల మేర చూసుకుంటుంది. మీ వైపుదాన్ని ఆపి పని చేస్తున్నారన్నమాట. పైన మనిషి ఉన్నప్పుడు ఆపడం అతని క్షేమం కోసం కూడా, దయచేసి ఓర్చుకోండి. పని ముగిశాక ఒకరు ఫోను పట్టుకుని మీ వీధిలో నిలబడి కాల్ చేసి చూస్తారు. ఆయన కనిపిస్తే మీ వంటింట్లో మాట వినిపిస్తోందో లేదో చెప్పండి. అది ఆయనకు వీధిలో నిలబడితే తెలియదు.