సెనెగల్ ర్యాప్ ఆల్బమ్ మీద సమీక్ష రాయబోయే అమ్మడికి

చి. అమ్మడికి ఆశీస్సులు.

ముగ్గురు ర్యాపర్ల దారా జె బృందం 2003 నాటి ఆల్బమ్ ‘బూమరాంగ్’ మీద రాస్తానన్నావు, సంతోషం. కానీ ‘సంప్రదాయానికీ ఆధునికతకీ వారధి’ అంటూ మొదలుపెట్టకు. ఏ సంప్రదాయమో చెప్పు. సెనెగల్‌లోని వొలోఫ్ జాతివాళ్ల తాసు అది, డోలు దెబ్బ మీద గబగబా అల్లే మాటలు. ర్యాప్ ఆఫ్రికాలో పుట్టి, అమెరికాలో పెరిగి, మళ్లీ ఇంటికి చేరిందని ఆ ముగ్గురి వాదన. విసిరితే తిరిగొచ్చే బూమరాంగ్ పేరు వెనక సంగతి అదే. దాన్ని నువ్వు ఒప్పుకుని తీరాలనేం లేదు. న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1973లో పార్టీలు నడిపి హిప్‌హాప్‌కి నాంది పలికాడనే డీజే కూల్ హెర్క్ జమైకాలో పుట్టినవాడు, దారి అంత తిన్నగా లేదు మరి.

కనీసం మూడుసార్లు విను. మొదటిసారి సాహిత్యం చూడకుండా, హెడ్‌ఫోన్స్‌తో. ఫోన్ స్పీకర్‌లో లోతైన డోళ్లు మాయమై పైపై టకటకలే మిగులుతాయి. బీట్ పలచగా ఉందని తప్పు రాసేది అందుకే. రెండోసారి కిక్ (బీట్‌లోని పెద్ద డ్రమ్ము) దెబ్బకి కాలు వేస్తూ, తాళవాద్యానికి వేలు తట్టు. ఒక్క అడుగులో మూడు తట్లు పడితే తిశ్రం, నాలుగైతే చతురశ్రం. రెండూ ఒకదానిమీదొకటి నడిచే చోటు దొరికితే నిమిషం, సెకను రాసి పెట్టుకో. నాలుగు ఆవర్తాలకోసారి అచ్చంగా అదే ముక్క తిరిగొస్తుంటే అది బహుశా లూప్, అంటే ఒకే ముక్కని యంత్రం పదేపదే తిప్పడం. మనిషి వాయిస్తే ఎక్కడో తేడా పడుతుంది.

సబార్ (సెనెగల్ డోలు) అని రాసేముందు మరోసారి విను. మన డప్పుకి రెండు పుల్లలు. సబార్‌కి ఒక చేత పుల్ల, రెండోది ఉత్తి అరచెయ్యి. కోరా డోలే కాదు, 21 తీగల వాద్యం. వినిపించనిది ఉందని రాయకు.

మూడోసారి మాటలు. వొలోఫ్, ఫ్రెంచ్, ఇంగ్లీష్, స్పానిష్ కలుస్తాయి. భాష మారినప్పుడు ప్రాస నిలిచిందా, ఊపిరి ఎక్కడ తీసుకున్నారు? ఇదే అసలు పని, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. 2004లో ఈ బృందానికి బీబీసీ రేడియో 3 ఇచ్చింది వరల్డ్ మ్యూజిక్ పురస్కారం. అది చెప్పి ఊరుకుంటే ర్యాప్‌గా ఎలా ఉందన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

ఇంకోటి, ఇందులోని ‘ల సైకిల్’ పాటలో పాడిన రోకియా త్రవోరేది మాలి, సెనెగల్ కాదు.

600 మాటలు దాటనివ్వకు. లయ గురించిన పేరా ముందు పంపు, తక్కినది తర్వాత చూద్దాం.

మీ పెదనాన్న