ఎడమ చేతికి గాజులు ఎక్కడం లేదు

ప్రశ్న: నాకు 54 ఏళ్లండి. రెండేళ్ల కిందట ఎడమ రొమ్ముకి క్యాన్సర్ ఆపరేషన్ చేసి, చంకలో గడ్డలు కూడా తీశారు. తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టారు. సంక్రాంతి నుంచి ఆ చెయ్యి వాస్తోంది, గాజులు ఎక్కడం లేదు. మా అత్తగారు బోద అని, దాచిపెట్టిన డీఈసీ మాత్రలు ఇచ్చారు. పక్కింటావిడ నీళ్ల బిళ్లలు వేసుకోమంటోంది. రొయ్యలు ఒలిచే పనికి వెళ్తాను. మానెయ్యాలాండి?
(పేరు వద్దన్నారు, అమలాపురం దగ్గర)

జవాబు: అమ్మా, మీ అత్తగారు మరీ పొరపడలేదు. మా అమ్మమ్మకి బోదకాలు, ఆ వాపు చూస్తూనే పెరిగాను. రెండింట్లోనూ లింఫు రసం, అంటే కణాల మధ్య నుంచి తిరిగి రక్తంలోకి చేరే నీరు, పారే దారే చెడుతుంది. అక్కడ చెరిచేది పురుగు. మీకు చంకలో గ్రంథులు తీసి కరెంటు పెట్టడంతో దారి తెగింది. బోదె పూడితే చేలో నీరు నిలవదూ, అలాగే. డీఈసీ ఆ బోద పురుగుని చంపే మందు, మీకు పనిచెయ్యదు. (అసలవి దాచుకునే మాత్రలు కావు, ఇచ్చినవాళ్ల ఎదుటే మింగాలి.) నీళ్ల బిళ్లలూ వద్దు. నీరు పోయినా మాంసకృత్తులు చేతిలోనే ఉండిపోయి, మళ్లీ నీటిని లాగుతాయి.

ముందు ఆపరేషన్ చేసిన డాక్టరుకి చూపించండి. రక్తం గడ్డకట్టిందా, జబ్బు తిరగబెట్టిందా అన్నది తేలాలి. రెండూ కాకపోతే, ఇలాంటి లింఫు వాపుకి వైద్యం నేర్చిన ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లండి. చర్మం కదిలేంత తేలిగ్గా నిమిరి, పొరలు పొరలుగా పెద్దగా సాగని కట్టు కడతారు. ఆముదం రాసి పిసకడం వేరు, అది చేయించుకోకండి. మందుల షాపు క్రేప్ బ్యాండేజీ సాగిపోతుంది, దానితో కాదు. రోజూ రెండు నుంచి నాలుగు వారాలు కడితే చెయ్యి తగ్గుతుంది. అప్పుడు కొలత తీయించి బిగుతు స్లీవు తొడుక్కోవాలి. పగలు వేసుకుని, రాత్రి తీసెయ్యండి. ఆరు నెలలకి బిగువు పోతుంది, మార్చాలి. మన ఉక్కపోతలో అదొక శిక్షే, తెలుసు. రెండు కొనుక్కుని ఉతుక్కుంటూ మార్చి వేసుకోండి. వాపు పూర్తిగా పోతుందని మాటివ్వలేను. నొక్కితే గుంట పడే దశలోనే మొదలుపెడితే బాగా లొంగుతుంది, గట్టిపడ్డాక కష్టం.

పని మానక్కర్లేదు, చెయ్యి కదలడమే మంచిది. భయమల్లా రొయ్య ముల్లుతోనే. గుచ్చుకున్న చోటు నుంచి క్రిములు దూరితే ఆ చెయ్యి తట్టుకోలేదు. గ్లవ్స్ లేకుండా ఒలవకండి. ఇంటికొచ్చాక సబ్బుతో కడిగి, వేళ్ల సందులు ఆరనిచ్చి, కొబ్బరినూనె రాయండి. చెయ్యి ఎర్రబడి, కాలిపోతూ, చలిజ్వరం వస్తే కట్టు విప్పేసి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. యాంటీబయాటిక్ మర్నాటి దాకా ఆగకూడదు.

ఆ చేతికి ఉంగరం ఉంటే మాత్రం ఈ పూటే తీసెయ్యండి.