సొంత నృత్యరచన మొదలుపెట్టేవాళ్లకు: ముందు పాట ఆపండి

పదేళ్లు కూచిపూడి నేర్చుకుని, విశాఖలోనే 8 నిమిషాల సొంత రచన చేద్దామని కూర్చుంటే గురువుగారి జతులే (తాళానికి కట్టిన అడుగుల వరసలు) వస్తున్నాయి, ఏం చేయాలని మీరు అడిగారు. కాళ్లకు తెలిసిందే కాళ్లు చేస్తాయి, అందులో దోషం లేదండీ. అసలు చిక్కు మీ ప్రశ్న చివరి వాక్యంలో ఉంది: పాట పెట్టుకుని, తోచింది చేసుకుంటూ పోతున్నానన్నారు. తయారైన పాట ఎదురుగా ఉంటే నిర్ణయాలన్నీ అదే తీసేసుకుంటుంది. చరణం అందుకోగానే చెయ్యి లేస్తుంది, మృదంగం మోగగానే మీకు అలవాటైన జతి వచ్చేస్తుంది.

పాట ఆపి, గజ్జెలు కూడా విప్పండి. గజ్జెల మోతలో ఎడమ కాలు తేలిగ్గా పడుతున్న సంగతి వినపడదు. ఒక్క అడుగు తీసుకుని, చేత్తో ఆది తాళం (ఎనిమిది దెబ్బల తాళం) వేస్తూ ఒక ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకు, సరిపడా కట్టండి. తరువాత దాన్నే మార్చండి: సమం (ఆవర్తనంలో మొదటి దెబ్బ) మీద కాకుండా మూడో దెబ్బ మీద ఎత్తుకోండి, చేతులు తీసేసి చూడండి, వీపు ప్రేక్షకులకు పెట్టి చేయండి, రెండో కాలంలో (రెట్టింపు వేగంలో) మొదలుపెట్టి మొదటి కాలంలోకి దిగండి. రోజుకు అరగంట, వారం పాటు అదే అడుగు. మూడో రోజుకు విసుగొస్తుంది. నాలుగో రోజు నుంచి వచ్చేవి రాసిపెట్టుకోండి, పనికొచ్చేవి ఎక్కువ అక్కడే దొరుకుతాయి.

లెక్క కూడా ముందే వేసుకోండి. నిమిషానికి 60 దెబ్బల నడకలో ఆది తాళం ఆవర్తనం 8 సెకన్లు, అంటే 8 నిమిషాలకు 60 ఆవర్తనాలు. కొత్తవాళ్లు ఈ అరవయ్యీ నింపేస్తారు. నన్నడిగితే జతులకు 20 చాలు. నాలుగైదు ఆవర్తనాలు ఏమీ చేయకుండా నిలబడటానికి ఉంచండి. నిలబడటం కష్టం కాబట్టే అడుగులతో నింపేస్తుంటారు.

తీర్మానాల దగ్గర, అంటే జతి ముగింపుకు ఒకే ముక్కను మూడుసార్లు వేసే చోట, చాలామంది తడబడతారు. దెబ్బకు నాలుగు చొప్పున ఆవర్తనానికి 32 మాత్రలు. 'తకిట తదిగిణతొం' 8 మాత్రలు. మూడుసార్లు వేస్తే 24, మధ్యలో రెండు చోట్ల నాలుగేసి మాత్రల విరామం, మొత్తం 32. విరామం ఒక్కో మాత్రే ఉండాలంటే ముక్క 10 మాత్రలది కావాలి. చివరి 'తొం' పడేది 32వ మాత్ర మీద. సమం దాని తరువాత. భంగిమను 'తొం' దగ్గరే బిగిస్తే మృదంగం దెబ్బ మీ వెనకాల ఒంటరిగా పడుతుంది. చూసేవాళ్లకు లెక్క తెలియకపోయినా ఎక్కడో తేడా కొట్టిందని తెలిసిపోతుంది. 'తొం'కి బరువు దింపి, సమానికి చూపు నిలపండి.

మన ప్రాంతపు ఆటలు కలపాలా అన్నారు. అరకు గిరిజనుల థింసా నుంచి చీరకట్టు, వరసలో ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పట్టుకునే తీరు అరువు తెచ్చుకుంటే అది తెచ్చిపెట్టుకున్నట్టే ఉంటుంది. తీసుకోవలసింది బరువు. థింసాలో మోకాలు బిగుసుకోదు, అడుగు చిన్నది, వరసంతా ఒకే ఊపులో ఒరుగుతుంది. మన అరమండి (మోకాళ్లు పక్కలకు విప్పి సగం వంచి నిలబడే తీరు) మాత్రం ఆ ఒరుగుడును ఆపి పట్టుకుంటుంది. ఈ రెంటి మధ్య మారే చోటే మీ రచనకు ముడిసరుకు. ఉత్తరాంధ్ర జానపద ఆట తప్పెటగుళ్లలో ఎగురుతూనే గుండెల మీది తప్పెట వాయిస్తారు. అక్కడ ఊపిరి ఎక్కడ తీస్తున్నారో గమనించండి. వీడియోలు చాలవు, థింసాకు అరకు వైపు, తప్పెటగుళ్లకు విజయనగరం, శ్రీకాకుళం వైపు వెళ్లి ఆడేవాళ్ల పక్కన నిలబడి చూడండి.

సంప్రదాయం చెడుతుందేమోనన్న భయం గురించి ఒక్క మాట. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యం గారు తమకు అందినదాన్ని తిరిగి కూర్చి, కొత్త నృత్యనాటకాలు కట్టారు. కాకపోతే మొదటి రచనలోనే, తరంగంలో చేసినట్టు ఇత్తడి పళ్లెం అంచుల మీద ఎక్కి ఆడకండి. పళ్లెం వచ్చాక ఇంకేమీ చూడరు.

బరువు ఎక్కడ పడుతోందో తెలియాలంటే తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో తడిసి గట్టిపడిన ఇసుక మీద అరమండిలో నాలుగు అడుగులు వేసి, పక్కకు జరిగి గుర్తులు చూడండి. మడమ గుంట లోతుగా, వేళ్ల వైపు పైపైన ఉంటే ఒళ్లు వెనక్కి పోతోంది. ఒక పాదం గుర్తు మెలితిరిగి ఉంటే ఆ వైపు మోకాలు పాదంతో పాటు తెరుచుకోవడం లేదు. పొడి ఇసుక మీద మాత్రం వద్దు, చీలమండ మడతపడుతుంది. డాబా సిమెంటు మీద రోజూ తట్టితే మోకాలి కింద ముందు ఎముకకు నొప్పి పట్టుకుంటుంది. కింద రబ్బరు మ్యాట్, పైన ప్లైవుడ్ వేసుకోండి.

ఇక్కడి ఉక్కకు పాదాలు చెమర్చి నేలకు అతుక్కుంటాయి. భ్రమరిలో (గిరగిరా తిరిగేటప్పుడు) ఒళ్లు తిరిగి పాదం తిరగకపోతే దెబ్బ మోకాలికే. ప్రదర్శన విశాఖ కళాభారతిలో అయినా, గురజాడ కళాక్షేత్రంలో అయినా ముందురోజు వెళ్లి వేదికను అడుగులతో కొలిచి, అదే కొలత ఇంట్లో సుద్దముక్కతో గీసుకోండి. పారాణి పూర్తిగా ఆరాకే వేదిక ఎక్కండి.

ఫోన్‌ను ఛాతీ ఎత్తులో పెట్టి తీసుకున్న వీడియోను ఒకసారి శబ్దం తీసేసి చూడండి, ఒకసారి తెర బోర్లించి వినండి. రెండింటిలోనూ నిలిచిన ముక్కలే ఉంచండి. పాడేవారినీ మృదంగం వారినీ ఆ తరువాతే పిలవండి. మీరు నోటితో పలికే జతి పలుకులు, చేతి తాళం మాత్రమే ఉన్న రికార్డింగ్ వారం ముందు వాళ్లకు పంపితే స్టూడియోలో గంటల లెక్కన కట్టే డబ్బు మిగులుతుంది.